అయ్యగారికి చెప్పని ఆట

మా అయ్యగారు పోయారు. కామారెడ్డిలోనూ ఎల్లారెడ్డిలోనూ ఆయన చేతి అక్షింతలు నెత్తిన వేయించుకున్న వాళ్లందరికీ ఈ కబురు ఫోన్లలో తెలిసింది. నాకు మాత్రం స్కూటర్ హారన్ రెండోసారి కొట్టాక తెలిసింది.

ఒక్కసారి కొడితే వచ్చే మనిషి ఆయన. "వస్తున్న, వస్తున్న, ఊరంత లేపకు" అంటూ ఒక చేత్తో పంచె కుచ్చిళ్లు, ఇంకో చేత్తో సంచి పట్టుకుని వాకిట్లోకి వచ్చేవారు. ఆ రోజు రాలేదు. మళ్లీ కొట్టాను. వ్రతం చేయించుకున్న ఇంటాయన బయటికి వచ్చి, "మీ కోసమే చూస్తున్నడు. గోడకు ఒరిగి కూసున్నడు, జర కన్నంటినట్టున్నది" అన్నాడు. నేను చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను.

ఆయన పురోహితుడు. ఆయన పాండిత్యం గురించి, కంఠం గురించి ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు రాస్తారు, రాయాలి కూడా. నాకు మంత్రాలు రావు. సత్యనారాయణ వ్రతంలో కూర్చోబెడితే మూడో కథకే కునికిపాట్లు పడే రకాన్ని. నేను రాయగలిగింది ఒక్కటే, ఆయన మనవరాలు, మనవడు ఆడిన ఆటల సంగతి. అవైనా ఆయన చూసినవి కావు, చూడలేకపోయినవి.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను మస్కట్‌లో లారీ నడిపాను. వయసంతా అక్కడే అయిపోయింది. తిరిగి వచ్చేసరికి నా ఒక్కగానొక్క బిడ్డ పెళ్లయి మహారాష్ట్ర అంచున ఉన్న డోంగ్లికి పోయింది. సెలవుల్లో దాని పిల్లలు వస్తే నాతో సగం మరాఠీలో మాట్లాడుతారు, నేను అర్థమైనట్టు తల ఊపుతాను. వచ్చిన కొన్నాళ్లకే నా భార్య పోయింది. ఇంట్లో నేను, నా స్కూటర్ మిగిలాం. అయ్యగారి ఇల్లు మాకు గోడకు గోడ. నాకు పని లేదు, ఆయనకు బండి లేదు. ఒకరోజు గోడ మీదుగా తల పెట్టి, "ఓ మస్కటన్నా, ఖాళీగనే ఉన్నవ్ గదా, జర రామారెడ్డి దాకా పోయొద్దమా?" అన్నారు. ఖాళీగా ఉన్నావని ముఖం మీదే అనేసరికి నాకు ఒళ్లు మండింది. అయినా పోయాను. ఆ తర్వాత ఆయన ఎక్కడ పీట వేస్తే అక్కడికి నా స్కూటర్ వెళ్లింది.

ఆయన కొడుకు పిల్లలు ఇద్దరు. అమ్మాయి తొమ్మిదో తరగతి, పిల్లవాడు ఆరు. ఇద్దరూ బేస్‌బాల్ ఆడుతారు. మా వైపు బడిపిల్లలు బేస్‌బాల్ ఆడుతారంటే హైదరాబాద్‌లో నా దోస్తులు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఇసుక నింపిన సిమెంటు సంచులు మూడు మూలలా పెట్టి, సున్నంతో గీతలు గీసి, మా వాళ్లు ఆడే ఆట చూస్తే ఆ నవ్వు ఆగుతుంది. అయ్యగారి చుట్టాలు కూడా మొదట్లో మూతి విరిచారు. బాపనోళ్ల పిల్ల కట్టె పట్టుకుని ఉరుకుడేందని ఒకావిడ అడిగితే, ఆయన తాంబూలం నములుతూ, "ఉరికితే గదా ఒంటికి మంచిది, నువ్వు గూడ జర ఉరుకరాదు" అన్నారు. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆయన మొదటిసారి ఆట చూడటానికి వచ్చింది ఎల్లారెడ్డి గ్రౌండుకే. ఆ రోజు జరిగింది ఇప్పటికీ పిల్లలు చెప్పుకుని నవ్వుతారు. క్రికెట్ చూసిన కళ్లు మావి. క్రికెట్‌లో బ్యాట్ చేత పట్టుకునే పరుగెత్తుతారు. ఈ ఆటలో బంతిని కొట్టగానే బ్యాట్‌ను అక్కడే పడేసి ఉత్తచేతులతో ఉరకాలి. ఆ సంగతి మాకెవరు చెప్పారు? మనవరాలు బంతిని కొట్టింది, బ్యాట్ పడేసింది, ఉరికింది. "అయ్యో, పిల్ల కట్టె మరిచింది!" అంటూ అయ్యగారు లేచారు. నేను పట్టుకునేలోపే పంచె ఎగ్గట్టి, సున్నపు గీత దాటి, బ్యాట్ అందుకుని ఆమె వెంట పడ్డారు. "ఓ బిడ్డా, కట్టె! నీ కట్టె తీస్కో!" వెనక ఎవరో తరుముకొస్తున్నారని ఆ పిల్ల ఇంకా జోరుగా ఉరికింది. అంపైర్ విజిల్ ఊదాడు. ఆటలు నేర్పే సారు పరుగున వచ్చి, నవ్వు ఆపుకోలేక చేతులు జోడించి, "అయ్యగారూ, మీరు బయటికి రావాలె" అన్నాడు.

ఆ రోజంతా మనవరాలు ఆయనతో మాట్లాడలేదు. "నాకేమెరుకనే? ఆయుధం పారేసి ఉరుకుడు యాడన్న ఉన్నదా?" అని ఆయన బతిమాలుకున్నారు. గీత దాటనని ఒట్టు వేయించుకున్నాకే ఆమె పలికింది. ఆ ఒట్టు ఆయన తప్పలేదు. అయితే బ్యాట్ నేల మీద పడ్డ ప్రతిసారీ పక్కన కూర్చున్న నాకు తెలిసేది, ఆయన కాళ్లు ఒక్కసారి కదిలేవి. లేవబోయి, గుర్తొచ్చి, పంచె సర్దుకుని కూర్చునేవారు.

అయినా ఆయన గ్రౌండులో కూర్చున్న రోజులు తక్కువ. ఆటలు వచ్చేదీ శ్రావణం, కార్తీకం నడిచే రోజుల్లోనే. సోమవారం అభిషేకాలు, మర్నాడు రామారెడ్డిలో గృహప్రవేశం, ఆ మర్నాడు ఎల్లారెడ్డిలో ఎవరిదో తద్దినం, పౌర్ణమికి వీధికి రెండు వ్రతాలు, మధ్యలో పెళ్లి ముహూర్తాలు. పట్నాల్లో శుభానికి ఒకరు, అశుభానికి ఒకరు ఉంటారట. మా చిన్న ఊళ్లకు అన్నిటికీ ఆయనే. "అన్ని పూజలు ఒక్క నెలల్నే పెట్టకపోతే గా దేవునికి ఏం పోయింది?" అని స్కూటర్ మీద గొణిగేవారు. ఆట మొదలు చూస్తే చివర ఉండేది కాదు, చివరకు వస్తే మొదలు తెలిసేది కాదు. ఒక్క ఆట కూడా మొదటినుంచి చివరిదాకా ఆయన చూడలేదు.

ఆయన గ్రౌండుకు వస్తే పిల్లలు చూసేది ఆయన్ని కాదు, ఆయన సంచిని. "తాతా, ఇయ్యాల ఏం పూజ?" అని మూగేవాళ్లు. వ్రతమైతే రవ్వ ప్రసాదం, గృహప్రవేశమైతే పొంగలి, పెళ్లయితే లడ్డూలు, అరటిపండ్లు. కొబ్బరిచిప్పలు ఎప్పుడూ ఉండేవి. గ్లౌజు తొడిగిన చేతుల్తోనే ముక్కలు అందుకుని నమిలేవాళ్లు. మహమ్మద్‌నగర్ పిల్లలతో ఆట ఉన్న రోజు, అవతలి జట్టుతో వచ్చిన ఒక తండ్రి ఈయన బొట్టు, పిలక చూసి దగ్గరికొచ్చి, "అయ్యగారూ, మా పొల్లగాండ్లు ఏ గడియల దిగితే మంచిది?" అని అడిగాడు. "ఇద్దరు దిగేది ఒక్క గడియలనే గదనయ్యా, నేనేం చెప్పాలె?" అని నవ్వి, సంచిలో కొబ్బరి సగం వాళ్లకు పంచేశారు. మనవరాలికి కోపం వచ్చింది. "మమ్ముల ఓడగొట్టనీకి వాళ్లకు బలం ఇస్తున్నవా తాతా?" అంది. "ఆకలైన పిల్లలు ఆడుతుంటే చూడబుద్ధి గాదే" అన్నారాయన.

కర్మలు చేయించి వచ్చిన రోజు మాత్రం సంచి ఖాళీ. స్నానం చేసి, తడి ఆరని తలతో వచ్చి ఓ పక్కన కూర్చునేవారు. పిల్లలు దూరం నుంచే సంచి చూసి, ఎవరో పోయారని తెలుసుకుని, ఏమీ అడగకుండా ఆటలో పడేవాళ్లు. ఇది వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

ఎక్కువ రోజులు జరిగింది ఇదీ. ఆయన్ని పూజ ఇంటి దగ్గర దింపి నేను గ్రౌండుకు పోయేవాణ్ణి. ఆట అయ్యాక వచ్చి హారన్ కొట్టేవాణ్ణి. ఆయన వెనక కూర్చుని, పడకుండా నా కుడి భుజం మీద చెయ్యి వేసేవారు. ఆ చేతికి ఎప్పుడూ పసుపే. నా చొక్కాలన్నిటికీ కుడి భుజం మీద పసుపు మరకలున్నాయి, ఏ సబ్బుకూ పోలేదు. బండి రోడ్డెక్కగానే, "ఇంక చెప్పు" అనేవారు.

మొదటిసారి అట్లా అడిగినప్పుడు, "గెలిచినం" అన్నాను. లింగంపేట దాటింది. తర్వాత, "గంతేనా?" అన్నారు. "గెలిచినమని ఎవరైనా చెప్తరు. నువ్వేం జూసినవో గది చెప్పు."

ఆ మాటకు నేను బండి పక్కకు ఆపాను. కంట్లో ఏదో పడిందన్నాను. నిజానికి నాకు మస్కట్ గది గుర్తొచ్చింది. ఆ రోజుల్లో నా భార్య క్యాసెట్‌లో మాటలు నింపి, వచ్చేపోయేవాళ్లతో పంపేది. ఒక క్యాసెట్‌లో, "బిడ్డకు ఖోఖోల కప్పొచ్చింది" అని ఉంది. అంతే, ఆ వెంటనే బియ్యం ధర మొదలైంది. ఆ ఒక్క మాటను వెనక్కి తిప్పి, మళ్లీ తిప్పి ఎన్నిసార్లు విన్నానో. కప్పు వచ్చింది సరే, పిల్ల ఎట్లా ఉరికింది? జడ ఊడిందా? పడిందా? కప్పు ఎవరి చేతికిచ్చింది? నా బిడ్డ ఆటలన్నీ నేను విన్నవే, చూసింది ఒక్కటీ లేదు. దూరంగా ఉన్నవాడికి ఏం కావాలో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

ఆనాటి నుంచి నేను ఆటను చూసే తీరే మారిపోయింది. ఎవరి లేసు ఊడింది, సారు ఎవరి మీద కేకలేశాడు, అంపైర్ టోపీ గాలికి ఎటు పోయింది, బంతి కోసం పత్తి చేనులోకి పోయిన పిల్లవాడు ఎంతసేపటికి వచ్చాడు, అన్నీ ఏరుకుని దాచుకునేవాణ్ణి. నా సొంత బతుకును కూడా నేనంత జాగ్రత్తగా చూసుకోలేదు. దారిలో చెబుతుంటే నచ్చిన చోట భుజం మీద రెండు వేళ్లతో తట్టేవారు. మనవడు దూరంగా నిలబడి బంతిని వదిలేసి తూనీగను పట్టుకున్నాడని చెప్పిన రోజు తడుతూనే ఉన్నారు, ఇంటికి వచ్చేదాకా.

ఎక్కడైనా కొంచెం ఉప్పూ కారం వేస్తే మాత్రం పసిగట్టేవారు. "పెంచకు. పెంచుడు నా పని, ఆశీర్వచనంల నేను చూస్కుంట. నువ్వు అయ్యింది చెప్పు" అనేవారు. వీడియో తీసుకొస్తానంటే వద్దన్నారు. "గంత చిన్న డబ్బాల పిల్ల ఏది, బంతి ఏది? నువ్వు చెప్తేనే కనవడతది" అన్నారు. నా మీద నాకు గౌరవం కలిగిన రోజుల్లో అదొకటి.

ఇంకొక్క సంగతి చెప్పి చివరి రోజుకు వస్తాను. చనిపోయినవాళ్లకు పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూడటం అందరూ ఎరిగిందే. మా ఇండ్లల్లో మూడో రోజే పిట్టకు పెడతారు, అయ్యగారి వాళ్లలో పదో రోజు. కాకి ముడితే పోయినవారికి తృప్తి అయినట్టు. ఒకసారి ఆయన చేయిస్తున్న చోట కాకి ఎంతకీ రాలేదు. ఆ ఇంటివాళ్లు ఒకరి మీద ఒకరు పడి మొక్కులు మొదలుపెట్టారు, గుడి కట్టిస్తామని ఒకరు, అన్నదానం చేస్తామని ఒకరు. అయ్యగారు విసుక్కున్నారు. "మీద మీద పడితే పిట్ట ఎట్ల వస్తది? జర ఎడం జరుగుండ్రి. వరాలియ్యకుండ్రి. చెప్పకుండ మిగిలిపోయింది ఏమన్నుంటే గది చెప్పుండ్రి" అన్నారు. పెద్దకొడుకు తల వంచుకుని, "నీ ఎడ్లను అమ్మలే బాపు, ఉన్నయి" అన్నాడు. కాకి వచ్చింది. తిరుగుదారిలో, "నిజంగ గందుకే వచ్చిందంటరా?" అని అడిగాను. "మనుషులు ఎడం జరిగినందుకు వచ్చింది" అన్నారు. కొంత దూరం పోయాక, "అయినా చెప్పుడు మంచిది" అన్నారు.

ఈ కార్తీకంలో ఎల్లారెడ్డిలో ఆట పడింది. అది గెలిస్తే మనవరాలి జట్టు పై పోటీలకు పోతుంది. "ఈసారి మొదటి నుంచి చివరిదాకా చూస్త" అని ఆయన ఆమెకు మాట ఇచ్చారు, ఆ రోజుకు ఏ పూజా ఒప్పుకోలేదు. ముందురోజు ఎల్లారెడ్డి నుంచి ఒక ఇంటివాళ్లు వచ్చారు. ఇంట్లో పురుడు వచ్చి ఆగిన వ్రతం, ఆ నెల దాటితే మళ్లీ కుదరదన్నారు. ఆయన కాదనలేకపోయారు. పొద్దున స్కూటర్ మీద తీసుకెళ్లాను. ఆ ఇంటి ముందు దిగుతూ, "నువ్వు నడుమల లేచి రాకు. ఇద్దరం చూడనట్టయితది. చివరిదాకా చూసి రా" అన్నారు.

చివరిదాకా చూశాను. మనవరాలు చివరి మూల నుంచి, తొక్కితేనే రన్ను వచ్చే ఇంటి గీతకు జారింది, దుమ్ము లేచింది, అంపైర్ చెయ్యి ఎత్తాడు. ఔట్. ఒక్క రన్నుతో ఓడిపోయారు. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. మోకాలి మీద దుమ్ము దులుపుకుంటూ కంచె దగ్గరికి వచ్చి, "తాత చూసిండా?" అంది. "తీస్కొస్త బిడ్డా, ఈడనే ఉండు" అన్నాను. దారంతా ఆట మొత్తం వరుసగా పేర్చుకున్నాను. ఓడినా మంచి ఆట, చెప్పటానికి ఎంతో ఉంది. ఆ ఇంటి ముందు ఆగి హారన్ కొట్టాను.

లోపల ఆయన గోడకు ఒరిగి కూర్చున్నారు. వ్రతం పూర్తయింది, ప్రసాదాలు పంచారు, కాసిని మంచినీళ్లు అడిగి తాగారట. సంచి ఒళ్లో ఉంది. నేను భుజం మీద చెయ్యి వేశాను. తర్వాత నాకు ఏం జరిగిందో సరిగా తెలియదు, ఎవరో ఆటో పిలిచారు, ఎవరో డాక్టర్ని తెచ్చారు. ఒక్కటే గుర్తుంది. ఆ సంచి నా చేతికి ఇచ్చారు. అది నిండుగా ఉంది. రవ్వ ప్రసాదం, అరటిపండ్లు, కొబ్బరిచిప్పలు. గ్రౌండులో పిల్లలు ఆ సంచి కోసం చూస్తున్నారు. మనిషి పోయిన రోజున సంచి నిండుగా ఉండటం అదే మొదలు. దాన్ని పట్టుకుని వాళ్ల దగ్గరికి ఎట్లా పోవాలో నాకు తెలియలేదు. చివరికి సారుకు ఫోన్ చేసి, ఆయనతోనే చెప్పించాను.

ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయంటే, గడవలేదు. గోడ అవతల మనుషుల అలికిడి, ఇవతల నేను. పరామర్శకు వచ్చినవాళ్లు ఆయన వేదం గురించి మాట్లాడుకునేవాళ్లు, నేను తల ఊపేవాణ్ణి. నా నోట్లో మాత్రం ఆ ఆట అట్లాగే ఉంది. మొదటి బంతి నుంచి చివరి దుమ్ము దాకా, ఒక్క ముక్క పోలేదు. అన్నం తింటుంటే గుర్తొచ్చేది, స్కూటర్ తుడుస్తుంటే గుర్తొచ్చేది. ఎవరికి చెప్పను? ఆడినవాళ్లకు తెలుసు, ఆడనివాళ్లకు అక్కర లేదు. నా భార్య పోయినప్పుడు ఇల్లు బోసిపోయింది. ఆయన పోయాక రోడ్డు బోసిపోయింది.

పదో రోజు ఊరి బయట వాగు ఒడ్డున పిండం పెట్టారు. రామారెడ్డి నుంచి వచ్చిన పురోహితుడు చేయించాడు. మేమంతా ఎడంగా నిలబడ్డాం. కరెంటు తీగ మీద కాకి ఉంది, దిగలేదు. "అమ్మను మంచిగ చూస్కుంట బాపు" అన్నాడు కొడుకు. దిగలేదు. "పిల్లల సదువులకు ఫికర్ జెయ్యకు" అన్నాడు. దిగలేదు. ఎవరో గుళ్లో దీపాల సంగతి ఎత్తారు. ఆయన భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ఆయనకేం కోరికుంటది? పెట్టింది తినేటోడు" అంది. ఎండ ఎక్కుతోంది.

అప్పుడు మనవరాలు, "మస్కట్ తాత ఆ దినం మ్యాచ్ చెప్పలే గదా" అంది.

అందరూ నా వైపు చూశారు. నాకు సిగ్గేసింది. పిండాల దగ్గర ఆట ముచ్చట చెప్పిన మనిషి లోకంలో ఉన్నాడా? రామారెడ్డి పురోహితుడు ముఖం అదోలా పెట్టాడు. అయ్యగారి భార్య మాత్రం, "చెప్పన్నా. మీ ఇద్దరి ముచ్చట మీకే ఎరుక" అంది.

నేను ముందుకు పోయి ఇసుకలో కూర్చున్నాను. ఎప్పుడూ ముందు చూసి చెప్పేవాణ్ణి, ఆయన వెనక ఉండేవారు. అందుకని వాగు వైపు తిరిగి, ఆయన వెనకే ఉన్నారనుకుని మొదలుపెట్టాను.

"అయ్యగారూ, పొద్దుగాల మంచు వడ్డది. గ్రౌండంత తడి. సారు సున్నం గీత గీస్తే గీస్తే తడికి చెదిరిపోయింది, మల్ల గీసిండు. మీ మనవడు నీళ్ల సీసలు మోసిండు, సగం వాడే తాగిండు. అవుతలోళ్లకు ఎర్ర అంగీలు. మీ మనవరాలు మొదటి వంతుల బంతి ముట్టలే. నేను పెంచుతలేను, ముట్టనే లేదు. రెండో వంతుల మంచిగ తాకింది. కట్టె పడ్డది. మీరుంటే కాళ్లు కదులుతుండె. పిల్ల ఉరికింది, మొదటి సంచి తొక్కింది, ఆడ నిలవడి లేసు చూస్కున్నది. ఎడమ కాలి లేసు ఊడింది. వంగి కట్టుకుంటున్నది..."

"ముట్టింది! పిట్ట ముట్టింది!" అని వెనక ఎవరో అన్నారు.

చూశాను. కాకి విస్తరి అంచున నిలబడి మెతుకులు ఏరుకుంటోంది. ఒక ముద్ద నోట కరుచుకుని ఎగిరింది, ఇంకో రెండు దిగాయి. అందరి ముఖాలు తేటపడ్డాయి. కొడుకు నేల మీద సాగిలపడ్డాడు. "లేవండి, వెనక్కి చూడకుండా నడవండి" అన్నాడు పురోహితుడు. అందరూ నడిచారు. నేనూ లేచాను. మనవరాలు మొదటి సంచి దగ్గర వంగి లేసు కట్టుకుంటూనే ఉంది. ఆట ఇంకా సగం కూడా కాలేదు. ఆగి చెప్పటానికి లేదు, వెనక్కి తిరిగి చూడటానికి లేదు.

స్నానాలు అయ్యాయి. అందరూ కార్లు ఎక్కారు. కదులుతున్న కారు అద్దంలోంచి మనవరాలు తల బయటికి పెట్టింది.

"తాతా, నేను ఔటయిన సంగతి చెప్పినవా?"

"ఇంక ఆడిదాకా రాలే బిడ్డా."

ఆమె ఏదో అనబోయింది. కారు మలుపు తిరిగింది.

వాగు ఒడ్డున నేనూ నా స్కూటర్ మిగిలాం. తడి చొక్కాతోనే ఎక్కి బండి స్టార్ట్ చేశాను. వెనక మనిషి కూర్చుని, బండి కొంచెం కుంగి, కుడి భుజం మీద చెయ్యి పడితే తప్ప కదిలించని అలవాటు నాది. ఆ అలవాటు కొద్దీ ఆగాను. ఇంజను అట్లాగే నడుస్తోంది. ముందు రోడ్డంతా ఖాళీగా ఉంది.